కృష్ణాతీరంలో రాయల రాజనీతి

1515, 1516 సంవత్సరాలలో కృష్ణానదికి ఇరువైపులా ఉన్న రెండు గొప్ప గిరిదుర్గాలు ఒకదాని వెంట ఒకటి చేతులు మారినవి. దక్షిణాన కొండవీడు; ఉత్తరాన, విజయవాడకు చేరువలో, కొండపల్లి. ఆ రెండింటిని గజపతుల నుండి గెలిచినవాడు విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు. కాని కొంతకాలానికి సంధి కుదిరినప్పుడు రాయలు కొండవీటిని తన రాజ్యంలో నిలుపుకొని, కొండపల్లిని శత్రువునకే తిరిగి ఇచ్చివేసినాడు. నెత్తురు ధారపోసి గెలిచిన దుర్గాన్ని ఒక విజేత ఎందుకు వదలుకొనవలె? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారికి రాయల జీవితం ఒక కొత్త వెలుగులో కనిపించును. రాజ్యం గెలుచుట వేరు, దానిని నిలుపుకొనుట వేరు అన్న సత్యం అందులో బోధపడును.

విచిత్రమేమనగా, సరిగా ఆ సంవత్సరాలలోనే, వేల మైళ్ల దూరాన ఇటలీ దేశంలో మరొక మనుష్యుడు ఇదే సమస్యను గూర్చి తల పగులగొట్టుకొనుచుండెను. అతడు ఫ్లారెన్సు నగరవాసి నికోలో మాకియవెల్లి. 1469లో జన్మించి, 1498 నుండి 1512 వరకు ఆ నగర ప్రభుత్వంలో కార్యదర్శిగా పనిచేసి, రాయబారిగా అనేక రాజాస్థానాలు చూచినాడు. మెడిచీ వంశీయులు మరల అధికారంలోకి రాగానే అతని ఉద్యోగం పోయినది. 1513లో కుట్రదారుడన్న అనుమానంతో చెరలో పెట్టి చిత్రహింసలు పెట్టిరి. విడుదలయిన పిదప పల్లెటూరి ఇంట కూర్చుండి అతడు వ్రాసిన చిన్న పుస్తకమే ‘ది ప్రిన్స్’. అది అచ్చయినది 1532లో. అప్పటికి గ్రంథకర్త గతించి అయిదేండ్లయినది. రాజు ఎట్లుండవలెనన్న ధర్మశాస్త్రాన్ని ప్రక్కన పెట్టి, రాజులు నిజంగా అధికారాన్ని ఎట్లు సంపాదింతురు, ఎట్లు పోగొట్టుకొందురు అని పరిశీలించుటే ఆ గ్రంథపు ప్రత్యేకత. రాయలకు మాకియవెల్లి పేరు తెలియదు. మాకియవెల్లికి రాయల పేరు తెలియదు. అయినను ఒకే కాలపు ఈ ఇద్దరి ఆలోచనలను ప్రక్క ప్రక్కన ఉంచి చూచుట ఎంతో ఉపయుక్తం. ఒకడు అధికారం పోగొట్టుకొని రాజనీతి వ్రాసినాడు. మరియొకడు సింహాసనం మీద కూర్చుండి వ్రాసినాడు.

కృష్ణదేవరాయలు పుట్టుకచే సింహాసనానికి నిర్వివాదమైన వారసుడు కాడు. తండ్రి తుళువ నరసనాయకుడు విజయనగర సేనాని. 1485లో సాళువ నరసింహుడు బలహీనులైన సంగమ వంశీయులను తొలగించి రాజ్యం చేపట్టినాడు. అతని అనంతరం అతని పుత్రుల పేరిట నరసనాయకుడు అధికారం నెరపినాడు. నరసనాయకుని పెద్దకొడుకు వీరనరసింహుడు 1505లో తానే రాజైనాడు. అంటే ఇరువది సంవత్సరాలలో రెండు మారులు విజయనగర సింహాసనం బలవంతుల వశమైనదన్నమాట. వీరనరసింహుని సవతితమ్ముడే నాగలాంబ కుమారుడైన కృష్ణరాయలు.

పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావో నూనిజ్ కొన్ని సంవత్సరాల తరువాత విజయనగరంలో విని వ్రాసిన కథ ఒకటి ప్రసిద్ధం. మరణశయ్య మీద నున్న వీరనరసింహుడు తన చిన్నకొడుకునకు రాజ్యం దక్కవలెనని తలచి, కృష్ణరాయల కన్నులు పెరికించి తెమ్మని మంత్రి సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. మంత్రి మేక కన్నులు తెచ్చి చూపి, రాకుమారుని కాపాడెనట. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది వేరు విషయం. రాయల కాలపు ప్రజలు దీనిని నమ్మి చెప్పుకొనిరి. తిమ్మరుసు చేతి మీదుగా రాయలకు సింహాసనం లభించినదని వారు ఎరుగుదురు. ‘అప్పాజీ’ అని రాయలు అతనిని తండ్రివలె పిలిచెనని మన తెలుగునాట నేటికీ చెప్పుకొందురు.

1509లో రాయలు రాజైనాడు. పట్టాభిషేక సందర్భాన హంపీ విరూపాక్షాలయంలో రంగమంటపం కట్టించి దానాలు చేసినట్లు 1510 నాటి శాసనం అక్కడనే కలదు. క్రొత్తగా రాజ్యానికి వచ్చినవానికి మొదటి భయం ఇంటి నుండియే. రాయలు తన తమ్ములను, అన్నకొడుకును చంద్రగిరి దుర్గంలో కావలిలో ఉంచెనని నూనిజ్ వ్రాసినాడు. రెండవ భయం సామంతుల నుండి. మైసూరు ప్రాంతపు ఉమ్మత్తూరు పాలకుడు గంగరాజు తిరుగుబాటు చేయగా, 1512 నాటికి రాయలు కావేరీ మధ్యనున్న శివసముద్రం కోటను పట్టి ఆ తిరుగుబాటును అణచినాడు. మూడవ భయం పొరుగు రాజుల నుండి. ఉత్తరాన బహమనీ రాజ్యం చీలి ఏర్పడిన సుల్తానులు, ఈశాన్యాన గజపతులు ఉండిరి. మాకియవెల్లి క్రొత్త రాజులకు చెప్పిన వరుస కూడ ఇంచుమించు ఇదియే. ముందు ఇల్లు చక్కబెట్టుకొనవలె. స్వంత సైన్యం సమకూర్చుకొనవలె. ఆ తరువాతనే పొరుగుమీదికి చూడవలె.

పదునైదవ శతాబ్ది మధ్యభాగం నుండి తీరాంధ్రం చాల వరకు కటకం గజపతుల ఏలుబడిలో ఉండెను. 1513లో రాయలు నెల్లూరు సీమలోని ఉదయగిరిని ముట్టడించినాడు. ఎత్తయిన కొండమీది ఆ కోట దాదాపు ఏడాదిన్నర లొంగలేదు. 1514లో అది వశం కాగా, ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రౌతరాయలు బందీ అయినాడు. ఉదయగిరి నుండి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి కొనిపోయి ప్రత్యేకంగా ఆలయం కట్టించినాడు. పిదప అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ మొదలైన దుర్గాలు లొంగినవి. 1515 జూను 23వ తేదీన కొండవీడు పడినది. ఆ విజయాన్ని మంగళగిరి శాసనం నేటికీ చాటుచున్నది. గజపతి కుమారుడు వీరభద్రుడు అక్కడ చిక్కినాడు. అతడు అవమానం భరింపలేక ప్రాణాలు తీసికొనెనని నూనిజ్ చెప్పినాడు. కాని 1516 నాటి కన్నడదేశపు శాసనం ఒకటి అదే వీరభద్రుని రాయల క్రింద ఒక సీమకు అధికారిగా పేర్కొనుచున్నది. చరిత్ర చదువు విద్యార్థులు ఇచ్చట ఒక విషయం గమనింపవలె: విన్నమాట కంటె రాతిమీది వ్రాత ఎక్కువ నమ్మదగినది. చిక్కిన శత్రుకుమారుని చంపుటకంటె వానిని గౌరవించి పని ఇచ్చుట రాయలకు మేలుగా తోచినదన్నమాట.

కొండవీటిని పట్టిన తరువాత రాయలు అమరావతి వెళ్లి అమరేశ్వరుని సన్నిధిలో తులాపురుష దానం చేసినాడు. కొండవీటి సీమను తిమ్మరుసునకు అప్పగించినాడు. తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రి దానిని పాలించినాడు. అటుపిమ్మట నది దాటి, ముట్టడించి కొండపల్లిని గైకొన్నాడు. అక్కడ గజపతి పాత్రులు పలువురు బందీలైరి. అక్కడి నుండి దండయాత్ర వేంగి, రాజమహేంద్రవరం దాటి సింహాచలం చేరినది. 1516లో రాయలు రాణులైన తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడి సింహాచల నరసింహునకు ఆభరణాలు సమర్పించినట్లు అచ్చటి శాసనం తెలుపును. పొట్నూరులో జయస్తంభం నాటించినాడు.

ఈ కత్తి కథ నడుమ ఒక కలం కథ కలదు. కళింగ విజయానికి బయలుదేరిన రాయలు విజయవాడలో కొన్నాళ్లు విడిసి, అచ్చటి నుండి శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రమహావిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉండెనని ఆముక్తమాల్యద అవతారికలో ఉన్నది. ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్రలోని పట్టణం కాదు. ఘంటసాలకు చేరువలో, కృష్ణ ఒడ్డున ఉన్న ప్రాచీన క్షేత్రం. ఆ రాత్రి నాల్గవ జామున స్వామి కలలో కనిపించి, గోదాదేవితో తన కల్యాణగాథను తెలుగులో కావ్యంగా రచించి తిరుమల వేంకటేశ్వరునకు అంకితం చేయుమని ఆజ్ఞాపించెనట. తుళువ వంశంలో పుట్టి, కన్నడసీమ రాజధాని నుండి ఏలు చక్రవర్తి తెలుగులో ఎందుకు వ్రాయవలెనన్నదానికి స్వామియే సమాధానం చెప్పెను.

భక్తులకు ఇది దైవలీల. రాజనీతి చదువువారికి ఇందు మరియొక అర్థం కూడ తోచును. భాష, ఆచారం వేరుగానున్న దేశాన్ని గెలిచినప్పుడు దానిని నిలుపుకొనుట మిక్కిలి కష్టమని మాకియవెల్లి అన్నాడు; రాజు స్వయంగా అక్కడ వసించుట, లేదా తనవారిని అక్కడ స్థిరపరచుట అతడు చూపిన మార్గాలు. రాయలు మూడవ మార్గం కనుగొన్నాడు. గెలిచిన దేశపు దేవుని తన దేవునిగా, ఆ దేశపు భాషను తన కావ్యభాషగా స్వీకరించినాడు. కొండవీటిని గెలిచిన ఫిరంగులు, ఏనుగులు ఏనాడో మట్టిలో కలిసినవి. శ్రీకాకుళంలో పుట్టిన కావ్యం మాత్రం ఇంకను తెలుగువారి ఇండ్లలో ఉన్నది.

ఇక కొండపల్లి సంగతి. గజపతితో సంధి కుదిరినప్పుడు ప్రతాపరుద్రుడు తన కుమార్తెను రాయలకు ఇచ్చి వివాహం చేసినాడు. రాయలు కృష్ణకు ఉత్తరాన తాను గెలిచిన దేశాన్ని మామగారికి తిరిగి ఇచ్చినాడు. కటకం నుండి కృష్ణ వరకు విజయనగర సైన్యం శాశ్వతంగా నిలుచుటకు ధనం, జనం ఎంత కావలెను? అదే సమయాన పడమట బిజాపురం సుల్తాను రాయచూరు కొరకు కాచుకొని ఉన్నాడు. కృష్ణానది సహజమైన అగడ్త. దక్షిణపు ఒడ్డు వరకు గట్టిగా పట్టుకొని, ఉత్తరపు ఒడ్డున బద్ధశత్రువునకు బదులు బంధువును నిలుపుట రాయల లెక్క. ఓడిన రాజునకు ముఖం చూపుకొనుటకు కొంత మిగుల్చుట దయ మాత్రమే కాదు. అది ముందుచూపు కూడ.

ఆ ముందుచూపు ఫలించినది. 1520లో రాయలు తన బలమంతటితో రాయచూరు మీదికి నడచి, ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి కోటను పట్టినాడు. ఆ ముట్టడిలో పోర్చుగీసు తుపాకివాండ్రు కొందరు తోడ్పడిరి. 1510లో గోవాను పట్టిన పోర్చుగీసువారి చేతిలో అరబ్బు గుర్రాల వర్తకం ఉండెను. ఆ గుర్రాలు ఎవరికి చేరునో వారిదే దక్కనులో పైచేయి. కనుకనే రాయలు వారితో స్నేహం పాటించినాడు.

ఇప్పుడు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం చూతము. ఆరు ఆశ్వాసాల ఆ కావ్యంలో నాల్గవ ఆశ్వాసాన యామునాచార్యుడు రాజ్యం విడిచిపోవుచు కుమారునకు చేసిన ఉపదేశంగా అది వచ్చును. కామందకం వంటి సంస్కృత గ్రంథాలు, మడికి సింగన సంకలనం చేసిన సకలనీతిసమ్మతం వంటి తెలుగు గ్రంథాలు రాయలకు ముందే ఉన్నవి. కాని రాయల మాటలలో పుస్తకాల వాసన కంటె దండు విడిసిన మైదానపు దుమ్ము ఎక్కువ.

రేవులను వృద్ధి చేసి, గుర్రాలు, ఏనుగులు తెచ్చు విదేశీ వర్తకులకు ఊళ్లు, కొలువులో గౌరవం, మంచి వెల ఇచ్చి ఆదరింపవలెనని, అప్పుడు ఆ సరకు శత్రువునకు చేరదని రాయలు చెప్పినాడు. సరిహద్దున అడవిని పెరుగనిచ్చి, రాజ్యమధ్యమున దానిని నరికించవలె. లేనిచో దొంగలకు తావగును. అడవిజాతులను చిన్న తప్పులకు పట్టి పీడింపరాదు. ఇచ్చిన మాట తప్పకుండ నిలుపుకొన్నచో వారు విశ్వాసంతో ఉందురు. ఆదాయాన్ని నాలుగు పాళ్లు చేసి రెండు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి కేటాయింపవలె. చెరువులు, కాలువలు త్రవ్వించి, బీదరైతునకు పన్ను తగ్గించినచో ధర్మము, ధనము రెండును పెరుగును. విజయనగరం దగ్గర పెద్ద చెరువు కట్టకు వేలమంది పనిచేయుచుండగా డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు కన్నులారా చూచినాడు.

ఈ ఉపదేశాలలో మనసుకు మిక్కిలి హత్తుకొనునది రైతును గూర్చినది. బాధలకు తాళలేక ప్రజలు ఊరు విడిచి పోగా, వారిని మరల పిలువక, వారి పశువులను, ధాన్యాన్ని అమ్ముకొని, ఇండ్ల కలప వంటచెరకుకు వచ్చునని సంతోషించు అధికారి యుద్ధభూమిలోని నక్క వంటివాడు. అట్టి అధికారి ఉన్న రాజు సప్తద్వీపాలు గెలిచినను బాగుపడడు. మాకియవెల్లి ఇదే సత్యాన్ని మరియొక దారిన చేరినాడు. ప్రజల ద్వేషానికి గురికాకుండుటే రాజునకు అన్నింటికంటె గట్టి కోట అని అతని తీర్మానం. గిరిదుర్గాలు జయించిన రాయలకు కూడ గోడల బలం ఎంతటిదో తెలియును.

అయితే ఇద్దరికిని భేదం లేకపోలేదు. రాజు ప్రేమకంటె భయమునే ఎక్కువ నమ్ముకొనవచ్చునని, అవసరమైతే మాట తప్పవచ్చునని మాకియవెల్లి నిర్మొగమాటంగా వ్రాసినాడు. రాయలు దండనను వదలుమనలేదు. ఒకే పనికి ఇద్దరు అధికారులను పోటీగా నియమించి ఒకరి గుట్టు మరొకరివలన తెలిసికొనుమన్న జిత్తులు అతనికిని తెలియును. కాని మరణశిక్షకు పాత్రుడైనవానికి మూడు మారులు మొర వినిపించుకొను అవకాశం ఇమ్మన్నాడు. విడిచినచో ముప్పు తెచ్చువారిని మాత్రమే ఇందుకు మినహాయించినాడు. కొండెములు చెప్పువాని మాట వెంటనే నమ్మరాదు, వెంటనే త్రోసివేయనురాదు, విచారింపవలె అన్నాడు. దుర్గాలు బ్రాహ్మణులకు అప్పగింపుమన్న సలహా వంటివి ఆ కాలపు కులవ్యవస్థకు చెందినవి. ప్రజాస్వామ్యంలో వానికి చోటు లేదు. విని, విచారించి, పిదప శిక్షింపుమన్న నీతి మాత్రం ఏ కాలానికైనను చెల్లును.

మనుష్యునిగా రాయలను పేస్ వర్ణించినాడు. మధ్యరకపు పొడవు, తెల్లని మేనిఛాయ, మొగాన స్ఫోటకపు మచ్చలు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలికి రాచుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానాన పరుగులెత్తించును. సంతోషస్వభావుడు, విదేశీయులను ఆదరించువాడు. కాని ఉన్నట్టుండి పెల్లుబుకు కోపం కలవాడని కూడ పేస్ వ్రాయక మానలేదు.

ఆ చివరి లక్షణమే రాయల అంత్యకాలాన్ని చీకటి చేసినది. 1524లో ఆరేండ్ల కుమారుడు తిరుమలదేవరాయలకు పట్టం కట్టి, తాను వెనుకనుండి రాజ్యం నడుపవలెనని రాయలు తలచినాడు. కొద్దినెలలకే ఆ బాలుడు మరణించినాడు. తిమ్మరుసు కుమారుడు విషం పెట్టించెనన్న మాట రాజు చెవిన పడినది. నూనిజ్ కథనం ప్రకారం రాయలు తిమ్మరుసును, అతని కుమారులను నిండుకొలువులో దోషులని ప్రకటించి చెరలో వేయించినాడు. తరువాత వారి కన్నులు తీయించినాడు. తన కన్నులు నిలిపినవాడని లోకం చెప్పుకొను మంత్రి కన్నులు! నేరం నిజమో కాదో నేటికీ చరిత్రకారులు తేల్చలేదు. కాని నూనిజ్ చెప్పినదానిలో మూడు మారులు మొర విన్న జాడ లేదు. కొండెమును నిదానించి విచారించిన జాడ లేదు. పుత్రశోకంలో నున్న తండ్రి, కావ్యం వ్రాసిన రాజును మరచినాడు.

ఆ మరపునకు రాజ్యం మూల్యం చెల్లించినది. అనుభవజ్ఞుడైన మంత్రి పోయినాడు, వారసుడు పోయినాడు. చంద్రగిరిలో కావలిలో ఉంచిన సవతితమ్ముడు అచ్యుతరాయలకే సింహాసనం చెందునట్లు రాయలు నిర్ణయింపవలసి వచ్చినది. 1529లో రాయలు కన్నుమూసినాడు. ఆ మరణం 1529 అక్టోబరు 17వ తేదీన జరిగినట్లు తెలుపు శాసనం ఒకటి కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లిలో లభించినట్లు 2021లో వెల్లడి అయినది. అచ్యుతునకును రాయల అల్లుడు రామరాయలకును నడుమ అధికారపు పోరు సాగినది. 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలినది. కొండపల్లి, కొండవీడు గోలకొండ సుల్తానుల వశమైనవి.

మాకియవెల్లి అదృష్టాన్ని వరదనదితో పోల్చినాడు. పొంగినప్పుడు దానిని ఎవరును ఆపలేరు. కాని నీరు తగ్గి శాంతంగా ఉన్నప్పుడు గట్లు కట్టుకొన్నవారు ఆ పొంగును తట్టుకొందురు. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియగుటకు ముందు కృష్ణ పొంగునకు, ఎండునకు తలవంచిన ఈ డెల్టా ప్రజలకు ఆ పోలిక ఒకరు విప్పి చెప్పనక్కరలేదు. రాయలు తన రాజ్యానికి అనేకమైన గట్లు కట్టినాడు. చెరువులు, తేలికైన పన్నులు, వర్తకుల స్నేహం, ఓడిన శత్రువుతో బంధుత్వం, ప్రజల భాషపై ప్రీతి ఆ గట్లు. అవి అతని జీవితకాలమంతయు నిలిచినవి. తన కోపానికి కట్టవలసిన గట్టును మాత్రం అతడు కావ్యంలో కట్టినాడు గాని కొలువులో కట్టలేకపోయినాడు. రాజ్యాన్ని నిలుపు నియమాలు తెలియుట ఒక ఎత్తు. శోకమో, క్రోధమో కమ్ముకొన్న ఘడియలో ఆ నియమాలకు తానే లోబడుట మరియొక ఎత్తు. ఆముక్తమాల్యదలోని రాజనీతిని తరగతిలో బోధించు ఉపాధ్యాయుడు తిమ్మరుసు కథను కూడ ప్రక్కనే చెప్పినచో, ఆ పద్యాల విలువ విద్యార్థులకు రెట్టింపుగా తెలియును.